ప్రస్తుత ఉద్యోగి

వేణు పోయిన రోజు మధ్యాహ్నం నాలుగూ పదికి, సూర్యాపేట దవాఖాన వెనక గేటు దగ్గర అతన్ని అంబులెన్సులోకి ఎక్కిస్తున్నప్పుడు, మంజుల చేతిసంచిలో ఉన్న అతని ఫోను ఒక్కసారి వణికింది. ఆమె తీసి చూడలేదు. తమ్ముడి ఫోను తన సంచిలోకి ఎప్పుడు వచ్చిందో కూడా అప్పుడామెకు తెలియదు. ఎవరో ఇచ్చారు, పుచ్చుకుంది. నాన్న యేసయ్య అంబులెన్సు మెట్టు మీద కాలు పెట్టి, ఎక్కడం మరిచిపోయినట్టు అట్లాగే నిలబడి ఉన్నాడు. ఆయన చెప్పు ఒకటి జారి కింద పడితే, వంగి దాన్ని తీసి ఆయన కాలికి తొడగడమే ఆ నిమిషంలో లోకంలో చేయవలసిన పని అనిపించింది ఆమెకు. ఆ వణుకేమిటో రెండు నెలలకు గాని తెలియలేదు. ఉద్యోగం చేసేవాళ్ళు తమ సంస్థ గురించి పేరు చెప్పకుండా మంచీ చెడూ రాసుకునే వెబ్‌సైటు ఒకటి ఉందట. అక్కడి నుంచి వచ్చిన మెయిల్ అది. మీ రివ్యూను పరిశీలించాం, ఇప్పుడు అందరికీ కనిపిస్తుంది, ధన్యవాదాలు అని. మే ఇరవై మూడు, నాలుగూ పది.

ఇప్పుడు జూలై చివర. మంజుల మధ్యాహ్నం పూట సెలవు పెట్టి, స్కూలు నుంచి నేరుగా సూర్యాపేట బస్టాండుకు వచ్చి కోదాడ బస్సెక్కింది. సంచిలో రెండు ఫోన్లు, తనదొకటి, వేణుదొకటి. వేణు ఫోను ఛార్జింగు పెట్టడం ఈ వారం రోజులుగా ఆమెకు ఒక నిత్యకృత్యమైంది, పాలు కాచినట్టు, గేటుకు గొళ్ళెం పెట్టినట్టు. అది ఆరిపోతే ఏమవుతుందో ఆమె ఆలోచించలేదు. ఆరిపోకూడదని మాత్రం అనుకుంది. పక్క సీట్లో ఒక ముసలామె, కాళ్ళ మధ్య ఎరువుల సంచి, అందులో ఏవో మొక్కలు, కొసలు బయటికి వచ్చి మంజుల చీర కుచ్చిళ్ళను తాకుతున్నాయి. ఆడవాళ్ళకు బస్సు ఉచితం, కండక్టరు వచ్చి "ఆధార్ సూపియ్యవ్వా, జీరో టికెట్ కొట్టాలె" అన్నాడు. ముసలామె కొంగుముడి విప్పి కార్డు తీసింది. కండక్టరు కార్డు వంకా ఆమె వంకా చూసి "గిది నువ్వేనా పిచ్చమ్మా?" అన్నాడు. "నాకే అనుమానం కొడుకా, గా ఫొటో దిగిన్నాడు నాకు జ్వరం" అంది ఆమె. వెనక సీట్లవాళ్ళు నవ్వారు. మంజుల కూడా నవ్వబోయి, తన కార్డు తీసి చూపించింది. తన ఫొటోలో తను ఉంది. అది తనేనని చెప్పడానికి తను ఇక్కడ కూర్చుని ఉంది. అంత తేలికైన విషయం ఇంకొకటి ఉండదు కదా అనుకుంది, చివ్వెంల దాటుతుంటే.

ఇంకో మెయిల్ వచ్చి ఏడు రోజులైంది. ఇవాళ్టితో గడువు తీరుతుంది. మీరు రాసిన రివ్యూ అబద్ధమని మీ యాజమాన్యం ఫిర్యాదు చేసింది. అది మీరు రాసిందేనా, దానికి మీరు కట్టుబడి ఉన్నారా? కింద రెండు గళ్ళు. అవును, కాదు. ఏడు రోజుల్లో ఏదీ నొక్కకపోతే రివ్యూను తీసేస్తాం. మీ పేరు యాజమాన్యానికి చెప్పం. ఆ కింద, చిన్న అక్షరాల్లో, కోర్టు అడిగితే తప్ప. తెలుగు టీచరు కాబట్టి చిన్న అక్షరాలను కూడా ఆమె పెద్ద అక్షరాలంత శ్రద్ధగా చదువుతుంది. 'మీరు' అన్నది ఎవరిని? ఎకౌంటు వేణుది. చదువుతున్నది తను. నొక్కే వేలు తనది. అవును అంటే, నేను వేణును అని చెప్పినట్టు. కాదు అంటే, వేణు రాయలేదని చెప్పినట్టు. రెంటిలో ఏది అబద్ధమో తేలకుండా ఏది నొక్కడం? ఊరుకుంటే ఆ రాత పోతుంది. అది పోతే, వేణు పని చేస్తూ పోయాడని లోకంలో ఎక్కడా ఒక్క అక్షరం మిగలదు. వేణు పాఠాలు చెప్పే కోదాడ కాలేజీ హాజరు పుస్తకంలో మే ఒకటి నుంచి జూన్ పది దాకా వేసవి సెలవులు. సెలవుల్లో ఉన్న మనిషి కోదాడ అవతల అనంతగిరి పల్లెల్లో, మే ఇరవై ఒకటిన, ఒంటిగంట ఎండలో వడదెబ్బకు పడిపోయేలా ఏం చేస్తున్నాడు? సొంత పని మీద వెళ్ళాడేమో, అన్నారు కాలేజీలో. చాలా మర్యాదగానే అన్నారు.

ఆ రాతను ఆమె ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. పైన మనిషి పేరు ఉండవలసిన చోట రెండే మాటలు, ప్రస్తుత ఉద్యోగి. దాని కింద మూడు గళ్ళు, మంచి విషయాలు, చెడ్డ విషయాలు, యాజమాన్యానికి సలహా. మంచి విషయాల్లో, స్టాఫ్ రూమ్ కిటికీ తీస్తే వరి పొలాలు కనిపిస్తాయి, లైబ్రరీ చల్లగా ఉంటుంది, తోటివాళ్ళు కూరలు పంచుకుంటారు. చెడ్డ విషయాల్లో, వేసవి సెలవులు కాగితం మీదే. ఒక్కొక్కరం పది మంది విద్యార్థులనైనా చేర్పించాలి, దానికోసం ఊళ్ళు పట్టుకు తిరగాలి. నా సొంత ఊరి నుంచి పదకొండు మందిని చేర్పించాను, వాళ్ళ తండ్రులకు రేపు ఏం జవాబు చెప్పాలో నాకు తెలియదు. సలహా గడిలో ఒకే వాక్యం. పదకొండు నుంచి నాలుగు దాకా మనుషుల్ని ఎండలో తిప్పకండి. అంతా ఇంగ్లీషులో ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాక కాదు. వేణుతో ఆమె ఏనాడూ ఇంగ్లీషులో మాట్లాడలేదు, అదీ చిక్కు. తమ్ముడి తెలుగైతే గోడ అవతల నుంచి విన్నా గుర్తుపడుతుంది. 'అక్కా, ఈ కూరల ఉప్పు ఏసినవా, సూపిచ్చి తీసినవా?' అనేవాడు. ఆ మనిషి ఇంగ్లీషులో ఎట్లా ఉంటాడు? క్లాసులో నిలబడి యంత్రాల గురించి చెప్పేటప్పుడు అతని గొంతు ఎట్లా ఉండేది? అరవై మంది పిల్లలకు తెలిసిన ఒక వేణు తనకు తెలియడు. కూరలు పంచుకుంటారు అన్నచోట తమ్ముడే అనిపిస్తుంది. తర్వాతి గడికి వచ్చేసరికి ఎవరో కొత్త మనిషి, తెల్లచొక్కా ఇన్‌షర్ట్ చేసుకుని, ఆమెను గుర్తుపట్టకుండా పక్క నుంచి వెళ్ళిపోతాడు.

పదకొండు. సొంత ఊరు త్రిపురారం నుంచి వేణు ఎంతమందిని చేర్పించాడు? చర్చిలో ఆరాధన అయ్యాక నాన్న లేచి నిలబడి, మా పిలగాడు పనిచేసే కాలేజీ, మీ పిల్లల్ని పంపుండ్రి, మావోడు సూసుకుంటడు అని చెప్పాడట, రెండేళ్ళ కిందట. అమ్మ శాంతమ్మ ఆ సంగతి సంబరంగా చెప్పింది. మొన్న ఫోన్‌లో ఊరికే అడిగినట్టు అడిగితే నాన్న "పన్నెండు మందుంటరు బిడ్డా, ఎందుకు?" అన్నాడు. ఎందుకో చెప్పలేదు ఆమె. కాలువ కట్ట మీది ఇళ్ళ వరస కళ్ళ ముందు పెట్టుకుని, ఒక్కొక్క గుమ్మం దాటుతూ తను లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు మళ్ళీ లెక్కపెట్టింది, బస్సు కుదుపులో, వేళ్ళ కణుపుల మీద. తొమ్మిది. ఆ పదకొండులో మిగతా ఇద్దరు ఎవరు? లేక అది త్రిపురారమే కాదా?

ఎందుకంటే జితేందర్‌కు కూడా సొంత ఊరుంది. మిర్యాలగూడ అవతల, తండా. అతనూ పది దాటించాడట, తనే చెప్పాడు. వేణూ అతనూ ఒకే స్టాఫ్ రూమ్. వేణు పడిపోయిన రోజు బండి వెనక కూర్చున్నది జితేందర్, అరుగు మీద పడుకోబెట్టి నీళ్ళు చల్లింది జితేందర్, కోదాడ నుంచి సూర్యాపేటకు తెచ్చిందీ అతనే. ఫోను తన చేతికిచ్చింది కూడా అతనే కదా! ఇప్పుడు, మునగాల ఇంకా రాకముందు, ఆ చెయ్యి గుర్తుకొచ్చింది ఆమెకు. మణికట్టుకు ఎర్రదారం, గోళ్ళ నిండా మట్టి. "అక్కా, ఇది వేణుది, మీ దగ్గర పెట్టుకోండ్రి." అంటే రెండు రోజులు ఆ ఫోను అతని జేబులో ఉంది. ఫోన్ తెరిచే అంకెలు అతనికి తెలుసా? ఒకే గదిలో, ఒకే ఛార్జరు పంచుకునే వాళ్ళకు తెలియకుండా ఉంటాయా? దవాఖాన వరండాలో, లోపల స్నేహితుడు స్పృహ లేకుండా ఉంటే, కోపం ఆగక అతనే రాసి పెట్టాడా, పట్టుబడకుండా వేణు ఎకౌంటులోంచి? లేక వేణు ముందే రాసి పంపితే, వాళ్ళు పరిశీలించి బయటపెట్టే సరికి ఇరవై మూడు అయిందా? మెయిల్‌లో పంపిన తేదీ లేదు. వెతికింది. ఏడు రోజులూ వెతికింది.

నిన్న స్కూల్లో ఉండగా జితేందర్ ఫోన్ చేశాడు. స్టాఫ్ రూమ్‌లో మంచినీళ్ళ కుండ పక్కకు వెళ్ళి మాట్లాడింది. "అక్కా, గది నేనే రాసిన అంటున్నరు. ఇరవై మూడు తారీకుది కదా, వేణు అప్పటికే లేడు, ఇగ పదిమందికి పైన తెచ్చినోన్ని నేనే మిగిలిన అంటున్నరు. నా సర్టిఫికెట్లన్నీ ఆల్ల బీరువల ఉన్నయక్కా, టెన్త్ మెమో కాడికెల్లి. హైదరాబాద్ల ఉద్యోగమొచ్చింది, సోమారం ఒరిజినల్స్ సూపియ్యాలె. నేనే రాసిన అని సంతకం పెడితేనే ఇస్తరట. పెడితే ఆడ గూడ ఎవలు తీసుకుంటరు నన్ను?" అతను గొంతు తగ్గించి, "వేణు రాసిండని మీరొక్క మాట చెప్పుండ్రక్కా. పోయినోన్ని ఏం చేస్తరు?" అన్నాడు. "వేణే రాసిండా జితేందర్?" అని అడిగింది. అవతల బెల్లు మోగింది, కాలేజీ బెల్లు. "మీకు తెల్వదా అక్కా?" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటి? మీ తమ్ముడు మీకు చెప్పలేదా అనా? నేను చెప్పాలా అనా? లేక తెలియకపోతే తెలియనట్టే ఉండండి అనా? రాత్రి అన్నం ముందు కూర్చుని ఆ మూడు మాటలను మూడు రకాలుగా అనుకుని చూసింది. మాటల పని చేసే మనిషి, మాటలు చేతికి చిక్కడం లేదు.

పోయినోన్ని ఏం చేస్తరు. నిజమే. వాళ్ళు చేసేది ఏదైనా ఉంటే వేణు భార్య కళ్యాణికి చేస్తారు. సుధాకర్ సారు సమాధుల దాకా వచ్చాడు. కాలేజీ కరస్పాండెంటు, ఎన్ని పనులుంటాయి, అయినా కారు రోడ్డు మీదే ఆపి, ముళ్ళకంప తప్పించుకుంటూ నడిచి వచ్చాడు. పాస్టరు ప్రార్థన చేస్తుంటే కళ్ళు తుడుచుకున్నాడు, అది నటన కాదు, దగ్గర నుంచి చూసింది తను. వెళ్తూ వెళ్తూ నాన్న చేతులు పట్టుకుని "కళ్యాణి నా బిడ్డ లాంటిది పెద్దాయనా, లైబ్రరీలో పెట్టుకుంటా" అన్నాడు. మాట తప్పలేదు. ఇవాళ ఐదింటికి ఉద్యోగం ఆర్డరు ఇస్తానన్నాడు. ఆర్డరుతో పాటు ఒక కాగితం. వేణుగానీ, వేణు కుటుంబంగానీ కాలేజీ గురించి ఎక్కడా ఏమీ రాయలేదు, రాయదు అని. కళ్యాణి, మంజుల ఇద్దరూ సంతకం చెయ్యాలి. "పెద్దావిడ, టీచరు, మాట విలువ తెలిసిన మనిషి" అన్నాడట సుధాకర్ సారు. ఆ కాగితం మీద సంతకం పడితే రాసినవాడు జితేందరే అవుతాడు. పడకపోతే లైబ్రరీలో కళ్యాణి ఉండదు. చల్లగా ఉండే లైబ్రరీ. మంచి విషయాల గడిలో రెండో మాట.

తన స్కూల్లో ఫిర్యాదుల పెట్టె ఉంది. నాలుగేళ్ళ కిందట అందులో ఒక చీటీ వచ్చింది, ఆడపిల్లల బాత్రూంకు గొళ్ళెం లేదు, ఒకరం లోపల ఉంటే ఇంకొకరం బయట కావలి ఉంటున్నాం అని. పేరు లేదు. తను ఆ చీటీని క్లాసుకు తీసుకెళ్ళి చదివింది. ఆకాశరామన్న ఉత్తరాలు మనకెందుకమ్మా, నిజం చెప్పేవాళ్ళు పేరు పెట్టి చెప్పాలి, ఎవరు రాశారో లేచి నిలబడండి, మెచ్చుకుంటాను అంది. మెచ్చుకోవాలనే అనుకుంది, ఆ మాట ఒట్టేసి చెప్పగలదు. మూడో బెంచీలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె మెల్లగా లేచింది. మగపిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. గొళ్ళెం వారం రోజుల్లో వచ్చింది. ఆ పిల్ల మాత్రం ఆ ఏడాదంతా ఆ బాత్రూం వైపు వెళ్ళలేదు, ఇంటికి వెళ్ళేదాకా అట్లాగే కూర్చునేది. ఆ సంగతి ఏడాది చివర ఆ పిల్ల తల్లి చెబితే తెలిసింది. వేణుకు చెప్పింది తను, వేసవిలో. వేణు నవ్వలేదు. "పేరు అడగకుండా గొళ్ళెం పెట్టియ్యరాదా అక్కా?" అన్నాడు. అంతే అన్నాడు. మరి ఇప్పుడు ఆ వేణు పేరు తను చెప్పాలా? లేచి నిలబడు తమ్ముడూ అని?

"ఎవలింటికి పోతున్నవ్ బిడ్డా?" పిచ్చమ్మ అడిగింది. మునగాలలో జనం దిగారు, గాలి ఆడుతోంది. "మా తమ్ముని ఇంటికి." నోరు అట్లాగే అనేసింది. "ఏం చేస్తడు తమ్ముడు?" "కోదాడ కాలేజీల పంతులు." చేస్తడు, చేస్తుండె. దిద్దుకోబోయి ఊరుకుంది. ఫోనులో కూడా అట్లాగే ఉంది కదా, ప్రస్తుత ఉద్యోగి అని. పిల్లలెందరు, మరదలు మంచిదేనా, పొలముందా, ఏ కులపోళ్ళు, అన్నీ అడిగింది పిచ్చమ్మ, దాచుకోవడానికి ఏమీ లేదన్నట్టు. తన సంగతులూ అట్లాగే చెప్పింది, కోడలి మీద కోపం, మోకాళ్ళ నొప్పి, సంచిలోవి మిరప నారు. ఊరు అనంతగిరి మండలం. "గా కాలేజీ సార్లు ఎండకాలం మా ఊరికొస్తరు బిడ్డా, పాపం. నా మనవణ్ణి సేర్పియ్యమని మూడుసార్లొచ్చిండ్రు. ఒక సారు మా అరుగు మీదనే కూసున్నడు, మొకమంత ఎర్రగై. మజ్జిగిస్త తాగు కొడుకా అన్న. ఇంకా నాలుగిండ్లున్నయవ్వా, ఒడగొట్టుకొని వచ్చి తాగుత అన్నడు." మంజుల తల తిప్పి ఆమె వంక చూసింది. "వచ్చిండా?" "ఏడొస్తడు, గట్నె పోయిండు. చెంబు గట్లనే ఉండె." ఏ సారు? ఎట్లా ఉంటాడు? కళ్ళద్దాలున్నాయా? బండి వెనక ఇంకొకతను ఉన్నాడా? ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. పది మంది సార్లు తిరుగుతారు, పది ఊళ్ళలో పది అరుగులుంటాయి. అడిగితే, అవును కళ్ళద్దాలే అంటే? కాదు, బట్టతల అంటే? ఏ జవాబు వినడానికి తను సిద్ధంగా ఉందో ఆమెకు తెలియలేదు. పిచ్చమ్మ కిటికీ వైపు తిరిగి, మిరప కొసల మీద సీసాలో నీళ్ళు చిలకరించసాగింది, ఒక్కొక్క మొక్కకూ రెండు చుక్కలు చొప్పున.

కోదాడ బస్టాండులో కళ్యాణి ముందే వచ్చి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మరణ ధ్రువపత్రం జిరాక్సులు. ఇస్త్రీ చీర కట్టుకుంది, వేణు పోయాక మొదటిసారి. ఆమెది కోదాడే, మాట కొంచెం ఆంధ్రా వైపు మాటలా ఉంటుంది. "ఐదింటికల్లా రమ్మన్నాడు వదినా సారు. ఆటో మాట్లాడనా?" "ఆగు జర." ఇద్దరూ పండ్ల బండి నీడలో నిలబడ్డారు. "కళ్యాణీ, వేణు ఎప్పుడన్న ఏమన్న రాస్తున్న అని చెప్పిండా నీకు? కాలేజీ గురించి?" కళ్యాణి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నుదురు ముడిచి. "ఎండ సంగతే చెప్పేవాడు కాదు వదినా, ఇక రాసే సంగతి చెప్తాడా? సాయంత్రం వచ్చి బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. ఫోన్ చూస్తా ఉండేవాడు. ఏంటి చూస్తన్నావంటే, ఏం లేదులే పడుకో అనేవాడు." కవరు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "జితేందరన్న నాకూ ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. ఎత్తితే ఏమంటాడో తెలుసు వదినా. ఆయన మంచోడే. నాకు మాత్రం ఈ ఉద్యోగం పోతే ఇంకోటి ఎవరిస్తారు?" ఆ గొంతులో ఏడుపు లేదు, అడగడం ఉంది. "నేనైతే పెడతాను. నువ్వు పెట్టకపోతే చెల్లదంట. పెడతావు కదా?"

మంజుల ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆటో వచ్చింది. కూర్చున్నారు. ఈ మనిషిని నా తమ్ముడు ఎంత జాగ్రత్తగా ఏమీ చెప్పకుండా కాపాడాడో అనుకుంది. మరుక్షణం, రాసినవాడు వేణు కాకపోతే, ఏమీ లేకే ఏమీ చెప్పలేదేమో అని కూడా అనుకుంది. ఇద్దరు వేణులు ఆమె మనసులో పక్కపక్కన కూర్చున్నారు, ఒకరినొకరు ఎరగనట్టు. సంచిలో తన ఫోను మోగింది. జితేందర్. మోగి మోగి ఆగింది. వేణు ఫోను తీసి తెరిచింది, ఛార్జింగు అరవై ఒకటి, మెయిల్ అట్లాగే ఉంది. ఆటో కాలేజీ గేటు దాటి లోపలికి మళ్ళింది, వాచ్‌మన్ కళ్యాణిని గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. వరండాలో సుధాకర్ సారు ఎవరితోనో మాట్లాడుతూ వీళ్ళను చూసి చెయ్యెత్తాడు. కళ్యాణి దిగింది. మంజుల ఇంకా దిగలేదు. జితేందర్‌కు ఏం చెప్పాలో ఆమె తేల్చుకోలేదు. వేణు ఫోనులో అవును, కాదు, రెండు గళ్ళూ అట్లాగే ఉన్నాయి. ఏదీ నొక్కలేదు.